గీజరు సంగతి తర్వాత, ముందు ట్యాంకు ఎత్తు చెప్పండి

(అనంతపురంలో, తోటల్లో ఇళ్లు కట్టుకున్న రైతులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో పాలిటెక్నిక్ విశ్రాంత అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు ఫోనులో ఒకే మాట అడిగారు. "సార్, తోటలో కరెంటు నమ్మకం లేదు, స్నానాల గది కూడా లేదు, ఆరుబయట షవరు పెట్టుకున్నాం. ఏ కంపెనీ గీజరు కొనాలో చెప్పండి చాలు" అన్నారు. ఆ ఒక్క మాటా నేను చెప్పను. మీ తోట చూడకుండా కంపెనీ పేరు చెప్పడమంటే నాడి పట్టుకోకుండా మందు రాసినట్టే. నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ నీళ్ల ట్యాంకు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? చెప్పండి, చేతులెత్తండి. చూశారా, గీజరు ధర అడిగితే హాలంతా చెబుతుంది. ట్యాంకు ఎత్తు అడిగితే నాలుగు చేతులు కూడా లేవలేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది చాలావరకు ఆ ఎత్తు గురించే.

అయితే ముందు కరెంటు సంగతి తేల్చేద్దాం, లేకపోతే చివర్లో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. వ్యవసాయ లైనుకు పగటిపూట 9 గంటలు కరెంటు. అది మోటారుకు. మనం స్నానం చేసేది తెల్లవారుజామున, లేదంటే పొద్దు వాలి పని ముగిశాక. అప్పుడు లైను ఉండదు. "సోలార్ ప్యానెల్ ఉంది కదా, బ్యాటరీ ఉంది కదా, దాని మీద గీజరు నడపలేమా?" అంటారు. లెక్క వేసి చూద్దాం. బోర్డు చూడండి. డిసెంబరు తెల్లవారుజామున ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలున్నాయి అనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది 40. పెంచాల్సింది 20 డిగ్రీలు. షవరులో నిమిషానికి 5 లీటర్లు వస్తే స్నానం తృప్తిగా ఉంటుంది. నిమిషానికి 5 లీటర్ల నీటిని 20 డిగ్రీలు పెంచాలంటే 7 కిలోవాట్లు కావాలి. మళ్లీ చెబుతున్నాను, 7 కిలోవాట్లు. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగాలంటే 580 ఆంపియర్లు. ఏ తీగ తట్టుకుంటుంది? ఏ ఇన్వర్టరు ఊరుకుంటుంది? ఇంట్లో వాడే 150 ఏహెచ్ బ్యాటరీలో మొత్తం ఉండేదే 1.8 యూనిట్లు. పది నిమిషాల స్నానానికి దాదాపు 1.2 యూనిట్లు కావాలి. మీరు స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో దీపాలు ఆరిపోతాయి.

బజారులో 3 కిలోవాట్ల చిన్న ఇన్‌స్టంట్ గీజరు ఉంటుంది, వంటింట్లో పెట్టుకునేది. అది పట్నంలో, నిండు కరెంటు మీద కూడా, 20 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 2 లీటర్లకు కాస్త పైన ఇస్తుంది, అంతే. గిన్నెలు కడుక్కోవడానికి బాగుంటుంది. షవరుకు పనికిరాదు.

ఎండ సంగతి వేరు. ఎండకు మనకేం లోటు? ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఊరికే కాదు. తోటలోనే కాపురం ఉండి, రోజూ నలుగురైదుగురు స్నానం చేసే ఇల్లయితే, నన్నడిగితే ఇంటిమీద సోలార్ వాటర్ హీటరు పెట్టుకోండి, నేను తర్వాత చెప్పబోయే గ్యాసు గీజరు గోలే వద్దు. కాకపోతే దానికి ట్యాంకు ఉంటుంది, బరువు ఉంటుంది, గట్టి మిద్దె కావాలి. వారానికి రెండు రోజులు వచ్చిపోయేవాళ్లకు అది దండగ. ఇంకొక మాట. మీలో చాలామందికి డ్రిప్పు ఉంది. పాత 16 ఎంఎం లేటరల్ పైపు, ఆ నల్లటిదే, ఎండలో చుట్ట చుట్టి పెట్టండి. 100 మీటర్ల పైపులో 15 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. అంటే ఒక బకెట్. సాయంత్రం నాలుగింటికి పొలం నుంచి వచ్చినవాళ్లకు పైసా ఖర్చు లేని వేడినీళ్లు. ఏప్రిల్లో అయితే చెయ్యి పెట్టి చూసుకోండి, కాలుతుంది. తెల్లవారుజామున మాత్రం దాన్ని నమ్ముకోకండి, రాత్రికే చల్లారిపోతుంది. వెయ్యి అడుగుల బోరున్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మోటారు ఆడుతున్నప్పుడు గొట్టం కింద కూర్చుంటే చలికాలంలోనూ నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. అప్పుడు గీజరు ఎందుకు?

ఇవేవీ కుదరని చోట మిగిలేది గ్యాసు గీజరు. నీళ్లు నిలవ ఉంచే తొట్టి దానికి లేదు. నీళ్లు పారుతుంటే మంట వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. ఇదిగో, ఈ బల్ల మీద ఒకటి మూత విప్పి పెట్టాను. వెనకవాళ్లకు కనిపించకపోతే తర్వాత దగ్గరికి రండి. కింద ఎడమ పక్క ఈ ఇత్తడి బిళ్ల చూడండి. దీని లోపల రబ్బరు పొర ఒకటి ఉంది, మన రూపాయి బిళ్లకన్నా పెద్దది. నీళ్లు లోపలికి వచ్చి ఆ పొరను నెడతాయి. పొర ఈ చిన్న కడ్డీని నెడుతుంది. కడ్డీ వెళ్లి స్విచ్చును నొక్కుతుంది. అప్పుడు టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వ, గ్యాసు తెరుచుకోవడం, మంట అంటుకోవడం, అన్నీ ఒక్క క్షణంలో. పైన ఈ రాగి గొట్టం, దాని చుట్టూ ఈ పలుచని రాగి రేకులు, మంట వేడిని నీళ్లకు అందించేవి ఇవే. ఈ యంత్రం మొత్తానికి కావాల్సిన కరెంటు రెండు పెద్ద టార్చి సెల్లులు. 3 వోల్టులు. అందుకే కరెంటు లేని చోట ఇది రాజు.

కానీ రాజుగారికి ఒక పట్టింపు ఉంది. నీళ్లు తగినంత బలంగా నెట్టకపోతే ఆ రబ్బరు పొర కదలదు. పొర కదలకపోతే మంట లేదు. మీరు కొళాయి తిప్పుతారు, నీళ్లు సన్నగా వస్తాయి, గీజరు ఉలకదు పలకదు. వెంటనే ఏమంటాం? "మోసం చేశాడు, పాడైపోయిన సరుకు అంటగట్టాడు" అంటాం. సరుకు బాగానే ఉంది. ట్యాంకు పొట్టిగా ఉంది.

పెట్టె మీదో, లోపలి కాగితంలోనో ఒక అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. "కనీస నీటి పీడనం 0.025 మెగాపాస్కల్" అని రాసి ఉంటుంది. కొన్నిటిలో 0.02, కొన్నిటిలో 0.03. దీన్ని ఏం చేసుకోవాలి? 100తో గుణించండి. 0.025ని 100తో గుణిస్తే 2.5. అంటే గీజరు కన్నా 2.5 మీటర్లు పైన నీటి మట్టం ఉండాలి. అంతే, అదొక్కటే సూత్రం. మెగాపాస్కల్‌ను మరిచిపోండి, మీటర్లు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన తోట ఇంటి లెక్క చూద్దాం. మిద్దె ఎత్తు 3 మీటర్లు. దాని మీద ఇటుకల అరుగు కట్టి సింటెక్స్ ట్యాంకు పెట్టాం. నీళ్లు అడుక్కి వచ్చినప్పుడు మట్టం నేల నుంచి మూడున్నర మీటర్లు. గీజరును గోడకు మీటరున్నర ఎత్తులో బిగించాం. తేడా ఎంత? 2 మీటర్లు. 2.5 కావాల్సిన గీజరు అక్కడ వెలగదు. ట్యాంకు నిండుగా ఉన్న పొద్దున వెలుగుతుంది, సగానికి దిగాక ఆరిపోతుంది. "ఉదయం పనిచేసింది సార్, సాయంత్రం పనిచేయలేదు" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. అందులో వింత ఏముంది? అందుకే నీళ్లు అడుగంటినప్పుడు ఎంత ఎత్తు ఉంటుందో అది కొలవండి, నిండినప్పటిది కాదు. ఇంకా ఉంది. అర అంగుళం పైపులో నిమిషానికి 6 లీటర్లు పారుతుంటే ప్రతి 10 మీటర్లకు దాదాపు అడుగు ఎత్తు రాపిడికే పోతుంది. దూరంగా ఉన్న షవరుకు పైపు లాగేవాళ్లు ట్యాంకు నుంచి గీజరు దాకా ఒక అంగుళం పైపే వేయండి. మలుపులు తగ్గించండి. షవరు తల కూడా చూసుకోండి, సూది రంధ్రాల రకం అందంగా ఉంటుంది గానీ ఉన్న కాస్త బలాన్నీ అదే మింగేస్తుంది. పెద్ద రంధ్రాల మామూలుది చాలు.

దుకాణానికి వెళ్లే ముందు ఒక పని చేయండి. షవరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడికి, అదే ఎత్తుకు పైపు చివర పట్టుకోండి. కింద కాదు, తల ఎత్తున. 15 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో గడియారం చూడండి. మూడు నిమిషాల్లో నిండితే నిమిషానికి 5 లీటర్లు, బాగుంది. ఆరు నిమిషాలు పట్టిందా? నిమిషానికి రెండున్నర. ఆ ధారతో చాలా గీజర్లు వెలగవు. నేల మీది కొళాయి దగ్గర కొలిచి "మాకు నీళ్లు దండిగా వస్తాయి" అనకండి.

సరే, ఎత్తు చాలలేదు. ఏం చేయాలి? మొదటి దారి, ఇనుప స్టాండు వేసి ట్యాంకును పైకి ఎత్తడం. 500 లీటర్లంటే అర టన్ను బరువు, వెల్డింగ్ చేసేవాడికి ఆ మాట ముందే చెప్పండి. రెండో దారి, 12 వోల్టుల చిన్న డయాఫ్రం పంపు. అదేమిటో మీకు కొత్తగా చెప్పాలా? భుజాన వేసుకుని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరులో ఉండేది అదే. ఒక చిన్న ప్యానెలూ, స్ప్రేయరు బ్యాటరీ అంతటి బ్యాటరీ ఉంటే కుటుంబం స్నానాలు జరిగిపోతాయి. ఎందుకంటే ఈ పంపు నీళ్లను నెడుతుందే గానీ వేడి చేయదు, నెట్టడానికి ఖర్చు చాలా తక్కువ. కానీ, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, పాత స్ప్రేయరు విప్పి అందులోని పంపు తెచ్చి స్నానానికి పెట్టకండి. పురుగుమందు తాగిన పంపు అది. ఎన్నిసార్లు కడిగినా వద్దు. కొత్తది కొనండి. ఇంకొకటి, ఆ పంపులో పీడనం పెరిగితే దానంతట అదే ఆగే స్విచ్చు ఉంటుంది. షవరు సన్నంగా తిప్పుకుంటే పంపు ఆగుతూ, ఆడుతూ ఉంటుంది. దాంతోపాటు మంట కూడా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మీ వీపు మీద ఒకసారి చలి, ఒకసారి సెగ. షవరు పూర్తిగా తిప్పి స్నానం చేయండి, లేదా పంపు తర్వాత చిన్న ప్రెజర్ ట్యాంకు ఒకటి పెట్టించుకోండి.

ఇక ఎన్ని లీటర్ల గీజరు? 6 లీటర్లు, 10 లీటర్లు, 16 లీటర్లు అని అమ్ముతారు. అది తొట్టి కొలత కాదు, నీటిని 25 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందన్న కొలత. మన చలికి 20 డిగ్రీల పెంపు చాలని ఇందాకే లెక్క వేశాం. 6 లీటర్లది సరిపోతుంది. పెద్దది కొంటే మేలు కదా అంటారు. మేలు కాదు, కీడు. పెద్దదానికి వెలగడానికే ఎక్కువ ధార కావాలి. మంచు కురిసే దేశాల్లో రాసిన పుస్తకాలు "అత్యధిక వేడి ఎంత?" అని అడగమంటాయి. మన సీమలో అడగాల్సింది "అతి తక్కువ మంట ఎంత?" అని. ఎందుకు? ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్లు అసలే 35 డిగ్రీలుంటాయి. గీజరు మంటను ఎంత తగ్గించినా 6 కిలోవాట్ల కింద దిగకపోతే, నిమిషానికి 5 లీటర్ల నీళ్లు ఇంకో 17 డిగ్రీలు పెరుగుతాయి. 52 డిగ్రీలు! ఒళ్లు కాలుతుంది. అందుకే వేసవి, చలికాలం అని విడిగా మీట ఉన్నది చూసుకోండి. వేసవి వైపు తిప్పితే బర్నర్లలో కొన్ని ఆగిపోతాయి.

అక్కడ వెనక కూర్చున్న పెద్దాయన ఇందాక చెప్పారు, అబ్బాయి అమెరికా నుంచి ఒక గీజరు తెచ్చాడట, క్యాంపుల్లో వాడేది. మంచి సరుకే కావచ్చు. దాని మీద నిమిషానికి 1.3 గ్యాలన్లు అని ఉంటే 5 లీటర్లు అనుకోండి. బీటీయూ అంటే వేడికి వాళ్ల కొలత, గంటకు 34 వేల బీటీయూ అంటే 10 కిలోవాట్లు. లెక్క కుదిరింది. కుదరనిది గ్యాసు దగ్గర. అక్కడ ప్రొపేను, వాళ్ల రెగ్యులేటరు వేరు, మరలు వేరు. మన వంటగ్యాసు ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది, మన ఇంటి రెగ్యులేటరు ఇచ్చే గ్యాసు పీడనం సుమారు 30 మిల్లీబార్లు. టేపు చుట్టి, క్లిప్పు బిగించి ఎలాగో అతికించే పని మాత్రం చేయకండి పెద్దాయనా. తెలిసిన మెకానిక్‌తో సరైన అమరిక చేయించండి, కుదరదంటే అబ్బాయికే తిరిగి ఇచ్చేయండి. ఇక్కడ కొనేవాళ్లు గ్యాసు గీజర్లకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 15558 అన్న అంకె, ఐఎస్ఐ ముద్ర రెండూ చూసుకోండి.

ఇప్పుడు గాలి. ఆషాఢం గాలి సంగతి అనంతపురం వాళ్లకు నేను చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారు? ఆ గాలికి గీజరు మంట నిలవదు. మంట ఆరితే గ్యాసును ఆపేసే ఏర్పాటు లోపలే ఉంటుంది, అది లేనిది ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఆ గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి గీజరును తూర్పు గోడకు బిగించండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

గాలి కొడుతోందని కొందరు ఏం చేస్తారు? చుట్టూ రేకులు కొట్టి, పైన టార్పాలిన్ కప్పి, గీజరునూ మనిషినీ ఒకే గూట్లో పెడతారు. కాస్త వినండి, ఇది నవ్వే విషయం కాదు. గ్యాసు మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. వంటగ్యాసు కారితే వాసన వస్తుంది, ఎందుకంటే వాసన కోసమే అందులో మందు కలుపుతారు. దీనికి అదీ లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆ తర్వాత మనిషి పడిపోతాడు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు చలికాలంలో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆరుబయట స్నానానికి ఉన్న గొప్ప మేలే అది, ఆ ప్రమాదం ఉండదు. మీ చేతులారా దాన్ని మళ్లీ గదిగా మార్చకండి. గీజరు గోడకు అవతల, మనిషి ఇవతల. వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. మంట నీలంగా ఉండాలి, పసుపుగా ఎగిరితే ఆపి చూపించండి. బోద కప్పిన కొట్టం చూరు కింద మాత్రం బిగించకండి, గీజరు పైనుంచి వచ్చే సెగ మామూలుది కాదు.

సిలిండరు సంగతి. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే పల్లానికి పోయి అక్కడే నిలుస్తుంది. అందుకని గుంతలో పెట్టకండి, పాత దిగుడు బావి గట్టున పెట్టకండి. నిలువుగా, నీడలో, గీజరుకు కాస్త ఎడంగా ఉంచండి. రబ్బరు ట్యూబు ఎండకు పగులుతుంది, అప్పుడప్పుడు వంచి చూడండి, కీళ్ల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దండం పెడతాను, ఆ పని వద్దు. ఖర్చా? పది నిమిషాల స్నానానికి 100 గ్రాములకు కాస్త అటూఇటూ. 5 కిలోల చిన్న సిలిండరు 45, 50 స్నానాలకు వస్తుంది.

చివరి శత్రువు మన నీళ్లే. బోరు నీళ్లు కాచిన కాగు లోపల తెల్లగా గార పడుతుంది కదా, అదే ఈ సన్నటి రాగి గొట్టంలోనూ పడుతుంది. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే గార అంత ఎక్కువ. అందుకే 60 డిగ్రీలకు కాచి చన్నీళ్లు కలుపుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. గ్యాసు తగ్గించి, 40 డిగ్రీల దగ్గరే నేరుగా ఒంటి మీదికి వచ్చేలా పెట్టుకోండి. పైగా చన్నీళ్లు కలిపేకొద్దీ గీజరులోంచి పారే ధార తగ్గి మంటే ఆరిపోతుంది. గార పట్టాక ధార సన్నబడుతుంది. అప్పుడు నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లు లోపలికి పంపి, కాసేపు ఉంచి, శుభ్రంగా కడగండి. నీళ్లు లోపలికి వెళ్లే చోట చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని విప్పి ఇసుక దులపండి. డ్రిప్పు ఫిల్టరు కడిగే చేతులకు ఇదొక లెక్క కాదు. వాడని నెలల్లో సెల్లులు తీసేయండి, కారి తుప్పు పడతాయి.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పమ్మా. బాలింతకు, పసిబిడ్డకు వాడవచ్చా అని అడుగుతున్నారు. వాడవచ్చు, కానీ షవరు కింద నేరుగా కాదు. కొళాయి కట్టేసి మళ్లీ తిప్పినప్పుడు, గొట్టంలో నిలిచి కాగిన నీళ్లు ఒక్కసారిగా వస్తాయి, అవి బాగా వేడిగా ఉంటాయి. బకెట్‌లో పట్టుకుని, మోచేయి ముంచి చూసి, తర్వాత పోయండి. ముసలివాళ్లకూ అంతే.

గండికోట దగ్గర గుడారాలు వేసి పర్యాటకులకు అద్దెకిచ్చే తమ్ముడు అడుగుతున్నాడు, ఒక గీజరుకు రెండు షవర్లు పెట్టవచ్చా అని. వద్దు. 6 లీటర్లను ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ తృప్తి ఉండదు. రెండు గీజర్లు పెట్టు, లేదా వరసలో నిలబెట్టు. వ్యాపారం కాబట్టి ఇంటి సిలిండరు వాడకూడదు, 19 కిలోల నీలం సిలిండరు తీసుకో. రాత్రి నిద్రపోయే ముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు ఆపే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించు. "ఎవరో ఒకరు ఆపుతారులే" అంటే ఎవరూ ఆపరు.

ఇంకెవరైనా? లేకపోతే బల్ల దగ్గరికి రండి. పెరట్లో డ్రమ్మును మిద్దె మీదికి ఎక్కించి పైపు ఇక్కడిదాకా లాగి ఉంచాం. డ్రమ్ము పైన ఉన్నప్పుడు వెలిగిస్తాను, తర్వాత మెట్ల మీదికి దింపి వెలిగిస్తాను. ఆ రబ్బరు పొర ఎక్కడ ఆగిపోతుందో మీరే చూద్దురు. కిటికీలు, తలుపులు అన్నీ తెరవండి, ముందు వరస కుర్చీలు కాస్త వెనక్కి జరపండి.